పరువునష్టం సొమ్ముతో మొదలైన నగరాల చదువు

1906 అక్టోబరులో లండన్ పత్రిక 'డైలీ మెయిల్' సబ్బుల వ్యాపారుల మీద విరుచుకుపడింది. సన్‌లైట్ సబ్బు తయారు చేసే విలియం లీవర్ మిగతా కంపెనీలతో జట్టు కట్టాడనీ, ధర తగ్గించకుండానే బిళ్ల బరువును 16 ఔన్సుల నుంచి 15కు దించి పేదల్ని మోసం చేస్తున్నాడనీ వరసపెట్టి రాసింది. అమ్మకాలు పడిపోయాయి. లీవర్ కోర్టుకెక్కాడు. 1907లో విచారణ మొదలయ్యాక పత్రిక తరఫు వాళ్లే చేతులెత్తేసి 50,000 పౌండ్లు కట్టడానికి ఒప్పుకున్నారు. ఇతర పత్రికల మీద వేసిన దావాలు కూడా కలుపుకుంటే లీవర్‌కు దక్కింది ఇంకా ఎక్కువే.

ఆ సొమ్ములో కొంత లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి చేరింది. దానితో 1909లో అక్కడ 'సివిక్ డిజైన్' శాఖ తెరిచారు. నగర ప్రణాళిక కోసమే ఒక విశ్వవిద్యాలయంలో శాఖ పెట్టడం ప్రపంచంలో అదే మొదలు. ఇవాళ విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ప్లానింగ్ డిగ్రీలో చేరుతున్న మన పిల్లల చదువుకు మూలం అక్కడుంది.

లీవర్‌కు ఈ విషయం మీద మనసు పోవడం యాదృచ్ఛికం కాదు. తన కార్మికుల కోసం 1888 నుంచి పోర్ట్ సన్‌లైట్ అనే ఊరినే కట్టిస్తూ వచ్చాడు. ఆ ఊరికి నది అవతలి ఒడ్డున లివర్‌పూల్ రేవు పట్టణం. అక్కడి కూలి కుటుంబాలు గాలీ వెలుతురూ చొరని ఇరుకు వాడల్లో, కొన్నిచోట్ల నేలమాళిగల్లో తరాల తరబడి బతికాయి. 1909లోనే బ్రిటిష్ పార్లమెంటు స్థానిక సంస్థలకు పట్టణ ప్రణాళికలు గీసుకునే అధికారం ఇస్తూ చట్టం చేసింది. చట్టం వచ్చింది సరే, గీసేవాళ్లేరీ? ఇంజినీరుకు మురుగు కాల్వ తెలుసు, ఆర్కిటెక్టుకు భవనం తెలుసు, వైద్యాధికారికి కలరా తెలుసు, వకీలుకు భూమి హక్కు తెలుసు. వీటన్నిటినీ ఒకే పటం మీద కలిపి చూడగల మనిషి ఎవరూ లేరు. అలాంటి మనిషిని తయారు చేయడమే కొత్త శాఖ పని. తొలి ఆచార్యుడు స్టాన్లీ అడ్‌షెడ్. 1910లో శాఖ నుంచి 'టౌన్ ప్లానింగ్ రివ్యూ' పత్రిక మొదలైంది. దాని తొలి సంపాదకుడు పాట్రిక్ అబర్‌క్రాంబీ తర్వాత అదే శాఖకు ఆచార్యుడయ్యాడు, 1944లో గ్రేటర్ లండన్ ప్లాన్ రాశాడు. అమెరికాలో హార్వర్డ్ ఈ చదువుకు ప్రత్యేక పాఠశాల పెట్టింది 1929లో.

లివర్‌పూల్ ఈ చదువుకు గది ఇచ్చింది. చూపు ఇచ్చినవాడు మాత్రం మరొకడు. పాట్రిక్ గెడెస్ స్కాట్లాండ్‌లో పుట్టిన జీవశాస్త్రజ్ఞుడు. మెక్సికోలో ఉండగా కొంతకాలం చూపు పోయి సూక్ష్మదర్శినికి దూరమయ్యాడు. పెళ్లయ్యాక భార్య ఆనాతో కలిసి ఎడిన్‌బరో పాతబస్తీలో పేదల వాడలో కాపురం పెట్టాడు. కూలగొట్టాలని అందరూ అంటున్న ఆ ఇళ్లను ఒక్కొక్కటిగా బాగు చేయించాడు. 1892లో అక్కడే 'ఔట్‌లుక్ టవర్' అనే బురుజును తన ప్రయోగశాలగా మార్చుకున్నాడు. పై అంతస్తులో నగరం మొత్తాన్నీ బల్ల మీద పటంలా చూపించే కెమెరా అబ్‌స్క్యూరా ఉండేది. కిందికి దిగుతుంటే ఒక అంతస్తులో ఎడిన్‌బరో, ఆ కింద స్కాట్లాండ్, ఇంకా కింద యూరప్, అట్టడుగున ప్రపంచం. ఊరిని దాని చుట్టూ ఉన్న నేల నుంచి విడదీసి చూడకూడదన్న పాఠాన్ని ఆ మెట్లే చెప్పేవి. కొండ నుంచి సముద్రం దాకా నది లోయను నిలువుగా కోసినట్టు బొమ్మ గీసి, గని పనివాడు, కట్టెలు కొట్టేవాడు, గొర్రెల కాపరి, రైతు, జాలరి ఎవరెవరు ఎక్కడ బతుకుతారో అందులో చూపించేవాడు. ముందు సర్వే, తర్వాతే ప్లాన్ అన్నది ఆయన సూత్రం.

విచిత్రమేమిటంటే, ఎడిన్‌బరోలో గెడెస్ చెబుతున్న మాటను ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో మరొకరు చేసి చూపించారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తింది. మర్నాటికి నగరం శ్మశానంలా మిగిలింది. వరద మళ్లీ రాకుండా ఏం చేయాలో చెప్పమని నిజాం ప్రభుత్వం ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1909లో వచ్చిన ఆయన నగరంలోనే ఆగిపోలేదు. నది పరీవాహకం అంతా లెక్క తీయించారు. అందులో 788 చెరువులున్నాయనీ, ఆ వానకు 221 తెగిపోయాయనీ తేల్చారు. నగరం మునిగిన కారణం ఊరికి ఎంతో దూరాన, తెగిన గట్లలో ఉంది. అందుకే మందు కూడా ఎగువనే పెట్టారు: మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకు వాడలను తీసి కొత్త ఇళ్లు, రోడ్లు వేయించింది. నా దృష్టిలో తెలుగు నేల మీద ప్రాంతీయ ప్రణాళికకు మొదటి పాఠ్యపుస్తకం ఆ వరద నివేదికే. దాన్ని పాఠంగా చెప్పే తరగతి గది మాత్రం అప్పటికి మనకు లేదు.

గెడెస్ స్వయంగా మన దేశం వచ్చిన కథ ఇంకా గట్టిది. 1914లో నగరాల గురించి తాను ఏళ్లపాటు కూడబెట్టిన పటాలు, బొమ్మల ప్రదర్శనను ఓడకెక్కించి మద్రాసు పంపాడు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మన్ నౌక ఎండెన్, ఆ తర్వాత హిందూ మహాసముద్రంలో ఆ సరుకున్న ఓడను ముంచేసింది. జీవితకాలపు శ్రమ నీళ్లపాలైంది. మిత్రులు ఇంగ్లండ్‌లో మళ్లీ పటాలు సేకరించి పంపారు. 1915 జనవరిలో మద్రాసులో ప్రదర్శన జరిగింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. ఐదేళ్లకు, 1920లో, మద్రాసు పట్టణ ప్రణాళిక చట్టం వచ్చింది. రాష్ట్రాలు మారాయి, పేర్లు మారాయి గానీ ఆ చట్టం చాలా సవరణలతో మన పురపాలక కార్యాలయాల దాకా నడిచి వచ్చింది.

గెడెస్ పద్ధతి మన మున్సిపల్ ఇంజినీర్లకు మింగుడుపడలేదు. వాళ్లు పటం మీద స్కేలు పెట్టి నూరడుగుల రోడ్డు గీసేవారు, దాని కింద ఎన్ని కొంపలు పోతాయో చూసేవారు కాదు. ఆయన పొద్దున్నే సందుల్లోకి నడిచి వెళ్లేవాడు. పాడుబడిన ఇల్లు ఎక్కడ, చెట్టు ఎక్కడ, గుడి ఎక్కడ, బావి ఎక్కడ అని గుర్తు పెట్టుకునేవాడు. కూలిపోయినవాటిని తీసేసి, అక్కడక్కడా చిన్న ఖాళీలు కలిపితే చాలు, గాలి ఆడుతుంది, జనం ఊరు విడిచిపోనక్కర్లేదని చూపించేవాడు. దీనికి ఆయన పెట్టుకున్న పేరు 'కన్జర్వేటివ్ సర్జరీ'. తంజావూరులో మున్సిపాలిటీ గీసిన పథకం పక్కనే తనది గీసి, ఎంత తక్కువ ఖర్చుతో, ఎంత తక్కువ కూల్చివేతతో పని అవుతుందో నిరూపించాడు. చెరువులు పూడ్చి దోమల బాధ వదిలించుకుందామన్న అధికారులతోనూ వాదించాడు. చెరువు ఊరి వేడిని తగ్గిస్తుంది, వాననీటిని పట్టుకుంటుంది, శుభ్రం చేసి చేపల్ని వదిలితే దోమలు పోతాయని చెప్పాడు. నూరేళ్ల తర్వాత ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు), బఫర్ జోన్ (ఆ హద్దు చుట్టూ కట్టడాలు కూడని మేర) అంటూ మనం కోర్టుల చుట్టూ తిరుగుతున్న తగాదా అదే.

ఇందోర్‌లో ప్లేగు రోజుల్లో ఆయన చేసిన పని విద్యార్థులకు ఇప్పటికీ చెప్పాలి. మహారాజును ఒప్పించి పండుగ ఊరేగింపు దారి మార్పించాడు. ఏ వీధులవాళ్లు ఇళ్లనూ వాకిళ్లనూ ఎక్కువ శుభ్రం చేసుకుంటే ఆ వీధుల గుండానే ఊరేగింపు వెళుతుందని చాటింపు వేయించాడు. ఊరంతా చీపుళ్లు పట్టింది, బండ్ల కొద్దీ చెత్త బయటికి పోయింది. ఊరేగింపులో పారిశుద్ధ్య కార్మికులు తెల్లని బట్టలు కట్టుకొని, పూలు చుట్టిన చీపుళ్లతో గౌరవంగా నడిచారు. ప్లేగు ఎలుక బొమ్మను కూడా ఊరేగించారు. 1918లో ఇందోర్ దర్బారుకు ఆయన రెండు సంపుటాల నివేదిక ఇచ్చాడు.

మరుసటేడు బొంబాయి విశ్వవిద్యాలయం ఆయన్ను సోషియాలజీ, సివిక్స్ ఆచార్యుడిగా తీసుకుంది. మన దేశంలో నగరాల చదువుకు అది గొప్ప అవకాశం. ఆరోగ్యం బాగోక 1924లో ఆయన వెళ్లిపోయాడు. శిష్యుడు జి.ఎస్. ఘుర్యే ఆ కుర్చీలోకి వచ్చి భారతీయ సమాజశాస్త్రానికి పునాది వేశారు. ఆ శాఖకు ఎంతో కీర్తి వచ్చింది. నగర ప్రణాళిక మాత్రం అక్కడ వేళ్లూనలేదు. ముప్పై ఏళ్ల కాలం వృథా అయిందని నా బాధ. ఆ ముప్పై ఏళ్లలో మన సొంత ప్లానర్లు తయారై ఉంటే దేశ విభజన నాటి శరణార్థుల వెల్లువకు నగరాలు అంత నిస్సహాయంగా నిలబడేవి కావు.

1951లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టౌన్ ప్లానర్స్, ఇండియా ఏర్పడింది. 1955లో ఢిల్లీలో స్కూల్ ఆఫ్ టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ మొదలైంది. ఆ ఏడాది చివర్లోనే యమునలో మురుగు కలిసి, నగరానికి నీళ్లిచ్చే చోటికి చేరి, ఢిల్లీలో వేల మంది కామెర్ల బారిన పడ్డారు. రాజధానికి మాస్టర్ ప్లాన్ ఎంత అవసరమో ఆ రోగం చెప్పింది. ఆ ప్లాన్ 1962లో అమల్లోకి వచ్చింది. 1955 నాటి ఆ పాఠశాల 1959లో ఢిల్లీ పాలిటెక్నిక్ ఆర్కిటెక్చర్ విభాగంతో కలిసి స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ అయింది. అహ్మదాబాద్‌లో ప్లానింగ్ పాఠశాల 1972లో వచ్చింది.

నగరాల చదువులో 'ప్రాంతీయ ప్రణాళిక' అన్న మాట ఎందుకుందో తెలుసుకోవాలంటే మిర్యాలగూడ వెళ్లాలి. జర్మన్ భూగోళ శాస్త్రజ్ఞుడు వాల్టర్ క్రిస్టాలర్ 1933లో దక్షిణ జర్మనీ ఊళ్లను పరిశీలించి, చిన్న ఊరు పెద్ద ఊరి మీద, అది ఇంకా పెద్ద పట్టణం మీద ఏ అవసరాలకు ఎలా ఆధారపడతాయో ఒక సిద్ధాంతం చెప్పాడు. హైదరాబాద్‌లోని జాతీయ సామాజికాభివృద్ధి సంస్థలో ఎల్.కె. సేన్ బృందం ఆ ఆలోచనను మిర్యాలగూడ తాలూకాలో పరీక్షించి 1971లో పుస్తకంగా ప్రచురించింది. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ నీళ్లతో ఆ నేల మారుతున్న కాలమది. ఏ ఊళ్లో బడి ఉంది, ఏ ఊళ్లో పోస్టాఫీసు, సంత, దవాఖానా ఉన్నాయి, ఎరువుకు రైతు ఎక్కడికి వెళ్తాడు అని ఊరూరా వివరాలు తీసి, కొత్త సౌకర్యం ఏ ఊళ్లో పెడితే చుట్టుపక్కల ఎక్కువ మందికి అందుతుందో లెక్కగట్టారు. దేశంలో ప్రాంతీయ ప్రణాళిక చదివేవాళ్లు ఏళ్ల తరబడి మిర్యాలగూడ పేరు పాఠంగా చదివారు. మనవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

ఇప్పటి విద్యార్థి చదువు కూడా అదే దారిలో నడుస్తుంది. బ్యాచిలర్ ఆఫ్ ప్లానింగ్ నాలుగేళ్లు, మాస్టర్స్ రెండేళ్లు. బ్యాచిలర్స్‌కు జేఈఈ మెయిన్‌లో ఈ చదువు కోసమే పేపర్ 2బి ఉంది. 2008లో మొదలైన విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఇప్పుడు జాతీయ ప్రాధాన్యమున్న సంస్థ. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఈ చదువు చెబుతోంది. చట్టం, గణాంకాలు, ఆర్థికశాస్త్రం, రవాణా, జీఐఎస్ (కంప్యూటర్ పటాల పరిజ్ఞానం) అన్నీ ఉంటాయి గానీ ఈ చదువుకు గుండెకాయ స్టూడియో. పిల్లల్ని ఒక ఊరికి పంపుతారు. బేస్ మ్యాప్ చేతిలో పెట్టుకొని వీధి వీధీ తిరగాలి. ప్రతి కట్టడం ఎన్ని అంతస్తులు, కింద దుకాణమా ఇల్లా, రోడ్డు ఎంత వెడల్పు, నాలా ఎటు పారుతోంది అని రాసుకోవాలి. సాయంత్రానికి పటం మీద రంగులు పడతాయి: నివాసాలకు పసుపు, వ్యాపారానికి నీలం, పరిశ్రమలకు ఊదా, ప్రభుత్వ భవనాలకు ఎరుపు, పార్కులకు ఆకుపచ్చ. ఆ పసుపు మచ్చల మధ్య చెరువు కుంచించుకుపోవడం కళ్లారా చూసిన కుర్రాడు తర్వాత ఏ లేఅవుట్ ఫైలునూ ఊరికే సంతకం పెట్టి పంపలేడు. ఉపగ్రహ చిత్రం ఇంట్లో కూర్చుంటే వస్తుంది కదా అని ఈ నడకను తగ్గించే కాలేజీలు విద్యార్థులకు అన్యాయం చేస్తున్నట్టే. అద్దె ఇంట్లో ఎంతమంది పడుకుంటున్నారో, తోపుడుబండి ఎక్కడ నిలుస్తుందో ఏ ఉపగ్రహమూ చెప్పదు.

ఇంత చరిత్ర ఉన్న చదువుకు మన కార్యాలయాల్లో చోటు మాత్రం చిక్కలేదు. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ 18 పనుల జాబితా ఇచ్చింది, అందులో మొదటిది పట్టణ ప్రణాళికే. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదిక చూస్తే, దేశంలోని 7,933 పట్టణాల్లో 65 శాతానికి మాస్టర్ ప్లానే లేదు. రాష్ట్రాల పట్టణ ప్రణాళిక శాఖల్లో 12,000కు పైగా ప్లానర్లు కావాలి. మంజూరైన పోస్టులు నాలుగు వేల లోపే, వాటిలోనూ సగం ఖాళీ. చాలా రాష్ట్రాల్లో ఆ ఉద్యోగాలకు ప్లానింగ్ డిగ్రీ తప్పనిసరి కూడా కాదని అదే నివేదిక చెప్పింది. డాక్టరు పోస్టుకు వైద్యం చదివినవాళ్లనే తీసుకునే ప్రభుత్వాలు, లక్షల మంది బతికే ఊరి పటాన్ని ఆ చదువు లేనివాళ్ల చేతిలో పెట్టడం మానుకోవాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ నిబంధన పెట్టి, ఖాళీలు నింపాలి.

పాఠకులకూ ఒక మాట. మీ ఊరి మాస్టర్ ప్లాన్ ముసాయిదా ప్రకటించినప్పుడు అభ్యంతరాలకు, సూచనలకు గడువు ఇస్తారు. ఆ గడువులోగా వెళ్లి పటం చూడండి. మీకు తెలిసిన చెరువు, వాగు, బండ్లబాట అందులో ఉన్నాయో లేదో చూసి, లేకపోతే కాగితం మీద రాసి ఇచ్చి రసీదు తీసుకోండి.