చిరునామా చెప్పిన తంతి

అపాయసూచన ఎంత వేగముగా వచ్చిననేమి, అపాయమెచ్చటనో తెలియకపోయినచో? అమెరికాలోని బోస్టన్ నగరమున పూర్వము గంటలు మ్రోగినను, మంట లేచిన ఇల్లు వెదకవలసి వచ్చెడిది.

1852లో విలియం చానింగ్, మోజెస్ ఫార్మర్ అనువారు ఈ లోపమును దిద్దిరి. వీధులలో తంతిపెట్టెలు అమర్చి, ఒక్కొక్కదానికి ఒక సంఖ్య నిచ్చిరి. పిడి త్రిప్పగానే లోపలి పళ్లచక్రము ఆ సంఖ్యను కేంద్రమునకు పంపెడిది. ఆ పెట్టె ఏ వీధిలోనిదో ముందే వ్రాసియుంచిన పట్టిక చెప్పెడిది. కంగారుపడిన మనిషి చిరునామా చెప్పనక్కరలేదు.

నేటి కంప్యూటరు పర్యవేక్షణలోను ఇదే సూత్రము. యంత్రము కొలుచునది ఉష్ణోగ్రత వంటి మారెడి విలువను. అది ఏ భవనము, ఎవరికి తెలుపవలెను అను మారని వివరములను మనిషి ముందుగా వ్రాసి హెచ్చరికకు జతచేయును. పెట్టెను వేరొక వీధికి మార్చి పట్టికను దిద్దనిచో, అగ్నిమాపక బండి పాత వీధికే పోవును గదా!