గుంటూరు ఎండలో మొదలైన హీలియం కథ

1868 ఆగస్టు 18, మంగళవారం, శ్రావణ అమావాస్య. గుంటూరులో పొద్దున పూటే సంపూర్ణ సూర్యగ్రహణం. ఇళ్ళల్లో పట్టుస్నానాలు, విడుపుస్నానాలు చేసే ఆ వేళకి, ఊళ్ళో ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట బస చేసిన ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ టెలిస్కోపుకు, వెలుగును విడదీసి చూపే స్పెక్ట్రోస్కోపు బిగించుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆరు నిమిషాలకన్నా తక్కువ వ్యవధి. దానికోసమే ఆయన ఫ్రాన్సు నుంచి ఓడెక్కి వచ్చాడు.

ఆయన ఒక్కడే కాదు. అదే గుంటూరులో బ్రిటిష్ తరఫున మేజర్ టెనెంట్ బృందం కెమెరాలతో దిగింది. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం చేరాడు. అదే అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తిలో మకాం వేశాడు. చంద్రుడి నీడ ఆ రోజు మన నేల మీదుగా సాగింది కాబట్టి, సూర్యుణ్ణి అర్థం చేసుకోవాలన్న వాళ్ళందరికీ మన ఊళ్ళే గమ్యమయ్యాయి.

వాళ్ళు చూడాలనుకున్నదేమిటో తెలియాలంటే వంటింట్లోకి వెళ్ళాలి. గ్యాస్ పొయ్యి నీలి మంట మీద చిటికెడు ఉప్పు చల్లండి. మంట చటుక్కున పసుపుపచ్చగా మారుతుంది. ఆ పసుపు ఉప్పులోని సోడియంది. ఆ వెలుగును పట్టకం గుండా పంపి విడదీస్తే, పక్కపక్కనే రెండు సన్నని పసుపు గీతలు కనిపిస్తాయి. ప్రతి మూలకానికీ ఇలాగే తనవైన గీతలుంటాయి, ఒకదాని గీతలు మరొకదానికి ఉండవు. ఈ సంగతిని జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ 1859-60లలో తేల్చారు. అంతకు పాతికేళ్ళ ముందు, నక్షత్రాలు దేనితో తయారయ్యాయో మనిషికి ఎప్పటికీ తెలియదని ఫ్రెంచి తత్వవేత్త ఆగస్ట్ కాంట్ రాశాడు. ఆ తాళానికి చెవి వెలుగులోనే దొరికింది.

గుంటూరులో సూర్యబింబం పూర్తిగా మూసుకోగానే, అంచున ఎర్రటి జ్వాలలు లేచి కనిపించాయి. అవి సూర్యుడివేనని అప్పటికే తేలినా, దేనితో తయారయ్యాయో తెలియదు. స్పెక్ట్రోస్కోపులో మెరిసే గీతలు కనబడ్డాయి. అవి వేడికి వెలిగే వాయువు గీతలు, అందులో ముఖ్యమైనవి హైడ్రోజన్‌వి. గ్రహణం చూసిన వాళ్ళలో పలువురికి వాటితోపాటు ఒక పసుపు గీత కూడా కనిపించింది. పసుపు అంటే సోడియమే కదా అనుకున్నవాళ్ళే ఎక్కువ. అది సోడియం గీత ఉండే చోట సరిగ్గా లేదేమోనన్న అనుమానాన్ని మచిలీపట్నంలో చూసిన పాగ్సన్ నమోదు చేశాడు.

జాన్సెన్ మనసు మాత్రం ఆ గీతల ప్రకాశం మీదే నిలిచిపోయింది. ఇంత మెరిసే గీతలు గ్రహణం లేనప్పుడు మాత్రం ఎందుకు కనబడవు అనుకున్నాడు. చెంబెడు నీళ్ళు వాకిలంతా చల్లితే నిమిషంలో ఆరిపోతాయి. అవే నీళ్ళు నాలుగు గిన్నెల్లో పోస్తే నిలుస్తాయి. అలాగే స్పెక్ట్రోస్కోపులో ఆకాశపు తెల్లని కాంతి రంగులన్నిటిగా పరుచుకుని పలచబడుతుంది. జ్వాలల కాంతి నాలుగు గీతల్లోనే ఉంటుంది కాబట్టి ఎంత విడదీసినా నిలబడుతుంది. మర్నాడు, అంటే ఆగస్టు 19న, గ్రహణం ఊసే లేని ఎండలో సూర్యుడి అంచును పరీక్షించాడు. జ్వాలల గీతలు కనబడ్డాయి. సెప్టెంబరు 4 వరకూ గుంటూరులోనే ఉండి ఆ జ్వాలలు పెరగడం, మారడం చూస్తూనే ఉన్నాడు. గ్రహణం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడాల్సిన అవసరం అక్కడితో తీరిపోయింది.

ఆ కబురును ఆయన సెప్టెంబరు 19న కాకినాడ నుంచి ఉత్తరంగా రాశాడు. అది పారిస్ చేరేలోగా, లండన్‌లో యుద్ధశాఖ గుమాస్తాగా ఉంటూ తీరిక వేళల్లో సూర్యుణ్ణి పరిశీలించే నార్మన్ లాకియర్, గ్రహణంతో పనిలేకుండా అదే పద్ధతిలో అక్టోబరు 20న అవే గీతలు చూశాడు. ఇద్దరి ఉత్తరాలూ ఫ్రెంచి అకాడమీలో ఒకే రోజు, అక్టోబరు 26న చదివారు. తగవు రాలేదు. ఇద్దరి ముఖాలూ పక్కపక్కన చెక్కించి ఫ్రెంచి ప్రభుత్వం ఒకే పతకం అచ్చు వేయించింది.

జాన్సెన్ గుంటూరులో హీలియం కనిపెట్టాడని మనం చెప్పుకుంటాం. నిజానికి ఆ పసుపు గీత లెక్క తేల్చినవాడు లాకియర్. సోడియం గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. ఇది 587.6 దగ్గర ఉంది. తేడా చిన్నదే. ఆ తేడాను ఆయన వదలలేదు. రసాయన శాస్త్రవేత్త ఫ్రాంక్‌లాండ్‌తో కలిసి తెలిసిన వాయువులతో ప్రయోగాలు చేసి, ఏదీ ఆ గీత ఇవ్వకపోవడంతో, భూమ్మీద ఎవరూ చూడని మూలకం సూర్యుడిలో ఉందన్నాడు. గ్రీకులో సూర్యుడు హీలియోస్ కాబట్టి దానికి హీలియం అని పేరు పడింది. లోహమనుకుని సోడియం, కాల్షియంలకు ఉన్న తోకే తగిలించారు. అది లోహం కాదని తేలినా పేరు మారలేదు.

కంటికి కనబడనిదీ చేతికి చిక్కనిదీ మూలకమంటే ఎవరు నమ్ముతారు? ఇరవై ఏడేళ్ళు ఆ గీత ఆకాశంలోనే ఉండిపోయింది. 1895 మార్చిలో లండన్‌లో విలియం రామ్సే, యురేనియం ఉన్న క్లీవైట్ అనే ఖనిజాన్ని ఆమ్లంలో వేశాడు. ఆయన వెతికింది ఆర్గాన్. వచ్చిన వాయువును వెలిగించి చూస్తే సోడియం గీతకు కొద్దిగా పక్కన ఒక పసుపు గీత మెరిసింది. నిర్ధారణ కోసం నమూనా లాకియర్ దగ్గరికీ వెళ్ళింది. గుమాస్తాగా ఉన్నప్పుడు సూర్యుడిలో చూసిన గీతను, యాభై ఎనిమిదేళ్ళ వయసులో గాజు గొట్టంలో చూశాడాయన.

భూమి లోపల హీలియం, యురేనియం, థోరియంలు క్షీణిస్తుంటే పుడుతుంది. కోట్ల ఏళ్ళపాటు రాళ్ళ మధ్య చేరి, కొన్నిచోట్ల సహజవాయువుతో కలిసి ఉంటుంది. 1903లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం డెక్స్టర్‌లో బావి తవ్వితే బ్రహ్మాండంగా గ్యాస్ తన్నుకొచ్చింది. ఊరంతా పండగ చేసుకుని మండే గడ్డిమోపును ఆ గ్యాస్‌లోకి తోస్తే, గ్యాస్ అంటుకోలేదు సరికదా గడ్డిమోపే ఆరిపోయింది. ఆ నిరాశే 1905లో ప్రయోగశాలకు చేరింది. వాయువులో చాలా భాగం నత్రజని, నూటికి దాదాపు రెండు పాళ్ళు హీలియం. సూర్యుడి సొత్తనుకున్నది బావిలో బయటపడింది.

విశ్వంలో హైడ్రోజన్ తరువాత అంతగా ఉన్నది హీలియమే. బరువులో సుమారు నాలుగో వంతు. అందులో అధికభాగం విశ్వం పుట్టిన తొలి నిమిషాల్లోనే తయారైంది. ఇప్పటికీ సూర్యుడు సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్‌ను హీలియంగా మారుస్తున్నాడు. మన మీద పడే ఎండ ఆ పనిలో వెలువడే శక్తే. మన గాలిలో మాత్రం పది లక్షల పాళ్ళలో ఐదు పాళ్ళే. ఎంత తేలికంటే, భూమి ఆకర్షణ దాన్ని పట్టి ఉంచలేదు. తిరునాళ్ళలో పిల్లవాడి చేతి నుంచి జారి పగిలిన బెలూన్‌లోని హీలియం, నిదానంగా అంతరిక్షంలోకి చేరి ఇక తిరిగిరాదు.

ఆస్పత్రుల్లో ఎమ్మారై యంత్రంలోని అయస్కాంతాన్ని మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచేది ద్రవ హీలియమే. శ్రీహరికోట నుంచి లేచే రాకెట్ల ఇంధన ట్యాంకుల్లో ఒత్తిడి నిలిపేదీ అదే. గుంటూరు నుంచి శ్రీహరికోట ఎంతో దూరం కాదు. ఆ కాస్త దారికి శతాబ్దానికి పైగా పట్టింది.

కాబట్టి మన గుంటూరుకు దక్కాల్సిన గౌరవాన్ని సరిగ్గా చెప్పుకుందాం. మూలకానికి పేరు లండన్‌లో పడింది, రుజువు అక్కడే దొరికింది. గుంటూరు ఇచ్చింది వేరు. ఆరు నిమిషాల చీకటి కోసం సముద్రాలు దాటి వచ్చిన ఒక మనిషి, అది ముగిశాక పెట్టె సర్దుకోలేదు. మర్నాడు మామూలు ఎండలో మళ్ళీ చూశాడు. ఆ రోజు నుంచీ సూర్యుడి జ్వాలలు ఏ రోజైనా, ఏ ఊరి నుంచైనా చూడగలిగేవయ్యాయి.