దుమ్ము తెర వెనక ఇద్దరు

2001 జులై. చంద్రుడి దూరంలో మూడో వంతు దాకా వెళ్లివచ్చే కక్ష్యలో తిరుగుతున్న చంద్రా ఎక్స్-రే టెలిస్కోపు ఓఫియూకస్ తారామండలం వైపు తిరిగింది. గురి ఎన్‌జీసీ 6240. మనకు 40 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన, రెండు గెలాక్సీలు ఢీకొని ఒకటవుతున్న చోటు. దాదాపు పది గంటలు చంద్రా అక్కణ్నుంచి చూపు మరల్చలేదు.

ఆ గెలాక్సీ మీద అనుమానం పాతదే. 1983లో ఐరాస్ ఉపగ్రహం ఆకాశాన్ని పరారుణ కాంతిలో గాలించినప్పుడు, మామూలుగా చూస్తే మసకగా ఉండే కొన్ని గెలాక్సీలు భగ్గుమంటూ కనిపించాయి. వాటిలో ఇదొకటి. లోపలి వెలుగును దుమ్ము మింగేసి, తాను వేడెక్కి, పరారుణంగా కక్కుతోంది. మరి ఆ మంట కొత్తగా పుడుతున్న నక్షత్రాలదా, దాక్కున్న క్వేజార్‌దా, అంటే పదార్థాన్ని మింగుతూ వెలిగిపోయే కృష్ణబిలానిదా? 1999లో బెప్పోసాక్స్ ఉపగ్రహ పరిశీలనలు సగం గుట్టు విప్పాయి. దట్టమైన వాయువును సైతం చీల్చుకొచ్చే అధిక శక్తి ఎక్స్ కిరణాలను అది పట్టుకుంది. లోపల క్వేజార్ స్థాయి కృష్ణబిలం ఉందని తేలింది. కానీ ఆ గెలాక్సీకి కేంద్రకాలు రెండు. బెప్పోసాక్స్ చూపుకు రెండూ కలిసి ఒకటే మచ్చ.

వాటి మధ్య ఎడం 3,000 కాంతి సంవత్సరాలు. ఇక్కణ్నుంచి చూస్తే, మూడు కిలోమీటర్ల అవతల పెట్టిన రూపాయి బిళ్లంత. ఎక్స్ కిరణాల్లో దాన్ని విడదీసి చూడగల సత్తా చంద్రాకే ఉంది. ఖగోళ భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు మోస్తున్న ఆ టెలిస్కోపు 1999లో ఎగిరేనాటికి ఆయన కన్నుమూసి నాలుగేళ్లు. ఉండి చూడాల్సిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

జర్మనీలోని గార్చింగ్‌లో, మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన స్టెఫనీ కొమోసా, గుంథర్ హాసింగర్ బృందం ఆ సమాచారాన్ని ముందేసుకుంది. రెంటిలో ఏ కేంద్రకానిది కృష్ణబిలం? అదీ వాళ్లకు కావలసింది. వచ్చిన కిరణాలను శక్తి వారీగా గీస్తే, 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక మొన లేచింది. అది ఇనుము ఆనవాలు. కృష్ణబిలం దగ్గర పుట్టిన ఎక్స్ కిరణాలు చుట్టూ ఉన్న చల్లని వాయువులోని ఇనుప పరమాణువులను తాకితే, అవి సరిగ్గా ఆ శక్తి దగ్గరే వెలుగుతాయి. నేరుగా రావలసిన కిరణాలు చాలామటుకు మేఘంలోనే చిక్కుకుపోయినా, ఈ ఇనుప వెలుగు బయటపడుతుంది. దక్షిణ కేంద్రకంలో ఆ మొన ఉంది. ఉత్తర కేంద్రకంలోనూ ఉంది!

2002 నవంబరులో ప్రకటన వెలువడింది. ఒకే గెలాక్సీలో రెండు మహా కృష్ణబిలాలు, రెండూ మేత మేస్తూ దొరకడం అదే మొదలు. కొన్ని పదుల కోట్ల ఏళ్లలో అవి కలిసిపోతాయని శాస్త్రవేత్తల లెక్క. చంద్రా పట్టిన కిరణాలు బయల్దేరి 40 కోట్ల ఏళ్లయింది కాబట్టి, అక్కడ ఆ కలయిక ఈపాటికే జరిగిపోయి ఉన్నా ఆశ్చర్యం లేదు.