కిడ్నీ మార్పిడి మందులు – నియంత్రక టి-కణాలు

విద్యార్థులారా! ఒకరి కిడ్నీని మరొకరికి అమర్చితే, స్వీకర్త శరీరం దాన్ని పరాయిదిగా గుర్తించి దాడి చేస్తుందని మీరు చదువుకున్నారు. 1954 డిసెంబరులో అమెరికాలోని బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం చేసిన మార్పిడి నిలవడానికి కారణం, దాత, స్వీకర్త ఒకే పోలిక కవలలు కావడమే. అందరికీ కవల సోదరుడు ఉండడు కదా! 1960లలో అజథయోప్రిన్, స్టెరాయిడ్లు కొంత దారి చూపాయి. నార్వే మట్టిలో దొరికిన శిలీంధ్రం నుంచి తీసిన సైక్లోస్పోరిన్‌కు 1983లో అమెరికా అనుమతి లభించాక పరిస్థితి మారింది. తరువాత జపాన్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి టాక్రోలిమస్ వచ్చింది.

ఈ రెండు మందులు పనిచేసే తీరు గమనించండి. పరాయి కణజాలాన్ని గుర్తించిన టి-కణంలో కాల్సిన్యూరిన్ అనే ఎంజైము చురుకవుతుంది. దాని ప్రేరణతో ఇంటర్‌ల్యూకిన్-2 అనే ప్రోటీన్ తయారవుతుంది. దాడి చేసే కణాలు పెరగడానికి అదే ఆధారం. మందులు ఆ ఎంజైమునే అడ్డుకుంటాయి.

అయితే 1995లో జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకాగుచి, దాడిని అణచే టి-కణాలు కూడా ఉన్నాయని చూపారు. ఈ పరిశోధనకు 2025లో ఆయనా, మరో ఇద్దరూ నోబెల్ బహుమతి పొందారు. వాటిని నియంత్రక టి-కణాలు అంటాం. ఇవి ఇంటర్‌ల్యూకిన్-2ను తాముగా దాదాపు తయారు చేసుకోలేవు. తోటి కణాలు విడుదల చేసేదానిపైనే బతుకుతాయి. చిక్కు అర్థమైందా? దొంగకు తిండి ఆపబోతే కాపలావాడూ పస్తున్నాడు!

ఇక్కడ మరో మందును చెప్పుకోవాలి. 1964లో ఈస్టర్ ద్వీపం నుంచి తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి రాపమైసిన్‌ను వెలికితీసినవారిలో ముఖ్యుడు, అవిభక్త పంజాబులో పుట్టి బనారస్‌లో చదివిన సురేంద్రనాథ్ సెహగల్. కంపెనీ ఆ పని ఆపేసినప్పుడు ఆయన ఆ సూక్ష్మజీవిని ఇంటి ఫ్రీజరులో దాచి కాపాడారు. 1999లో ఆ మందుకు సిరోలిమస్ పేరుతో అనుమతి లభించింది. అది ఇంటర్‌ల్యూకిన్-2 తయారీని ఆపదు. దాని తరువాతి పెరుగుదల సంకేతాన్ని అడ్డుకుంటుంది. నియంత్రక కణాలు ఆ సంకేతంపై అంతగా ఆధారపడవు. కిడ్నీ స్వీకర్తల రక్తాన్ని పరీక్షించి 2006లో వెలువరించిన ఫలితాల్లో, కాల్సిన్యూరిన్‌ను అడ్డుకునే మందులు వాడినవారిలో ఈ కణాల శాతం తగ్గింది; రాపమైసిన్ వాడినవారిలో తగ్గలేదు.

మరి అందరికీ రాపమైసినే ఇవ్వవచ్చు కదా అంటారా? 1,645 మంది కిడ్నీ స్వీకర్తలతో జరిపి 2007లో ప్రకటించిన సింఫనీ పరీక్ష చూడండి. మొదటి ఏడాదిలో కిడ్నీ తిరస్కరణ తక్కువ మోతాదు టాక్రోలిమస్ వర్గంలో సుమారు 12 శాతం, తక్కువ మోతాదు సిరోలిమస్ వర్గంలో 37 శాతం. రక్తంలో కాపలా కణాలు నిలిచినంత మాత్రాన దాడి ఆగదన్నమాట. అందుకే టాక్రోలిమస్ నేటికీ ప్రధాన మందు, మోతాదు మించితే అది కిడ్నీకే హాని చేస్తుందని తెలిసినా.

ఇప్పుడు ఆ కణాలనే మందుగా ఇచ్చి చూస్తున్నారు. 2020లో ప్రచురితమైన ‘వన్ స్టడీ’లో నియంత్రక కణాల చికిత్స పొందిన 38 మందిలో 15 మంది ఒకే మందుతో నెగ్గుకొచ్చారు. ఆ ఒక్క మందు, టాక్రోలిమస్.