రహీం సాబ్ ఎడమకాలి పాఠం

సాయంత్రం ఆఫీసులు వదిలాక గచ్చిబౌలి, కొండాపూర్ టర్ఫుల మీద ఐటీ కుర్రాళ్ల ఫుట్‌బాల్ ఆట చూడండి. బంతి కుడికాలికి అందితే మెరుపే. ఎడమ పక్కకు వచ్చిందా, దాన్ని కుడికాలికి సర్దుకునేదాకా ఆట ఆగినట్టే. ఈలోగా ఎదుటివాడు తన్నుకుపోతాడు. ఈ జబ్బుకు డెబ్బై ఏళ్ల కిందటే మందు కనిపెట్టిన బడిపంతులు ఇదే ఊళ్లో ఉండేవారు.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, స్థానిక క్లబ్బులకు ఆడారు, పిల్లలకు పాఠాలు చెప్పారు. సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికొచ్చాక 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ మనదే. బొంబాయి, కలకత్తా క్లబ్బులకు హైదరాబాద్ పేరు వింటేనే దడ.

మన దగ్గర ఆయన పెట్టించిన పోటీలు వింతగా ఉండేవి. ఒకదాంట్లో బలహీనమైన కాలితోనే తన్నాలి. మరోదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి అందగానే ఇంకొకరికి ఇచ్చేయాలి. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం వంటివాళ్లు ఆయన చేతుల్లోనే రాటుదేలారు. ‘మైదాన్’ సినిమా చూసినవాళ్లకు రహీం అంటే 1962 జకార్తా స్వర్ణమే గుర్తొస్తుంది. నాకు మాత్రం ఆయన గొప్పదనం ఈ చిన్న పోటీల్లోనే కనిపిస్తుంది. పతకాలకు పునాది అక్కడే పడింది.

రహీం శిక్షణలో భారత జట్టుకు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం. మరుసటి ఏడాది హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో చావుదెబ్బ. మనవాళ్లలో చాలామంది ఉత్తకాళ్లతో ఆడారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో బలరాంతోపాటు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ కూడా మన ఊరివాళ్లే.

1962 నాటికి రహీంను క్యాన్సర్ తినేస్తోంది. అయినా జట్టుతో జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లారు. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి ఒకరు తప్పుపట్టారని అక్కడి జనం భారత్ మీద మండిపడుతున్నారు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ తంగరాజ్‌కు జ్వరం. రహీం జర్నైల్‌ను ఏకంగా ఫార్వర్డ్‌గా దించారు. సెప్టెంబర్ 4న ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలుపు. ఒక గోల్ పీకే బెనర్జీది, రెండోది కుట్లు పడ్డ తలతోనే దిగిన జర్నైల్‌ది!

1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఇప్పుడు ఆయన ఊరి ఫుట్‌బాల్ సంగతి చూస్తే, గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియాన్ని సొంతగడ్డ చేసుకున్న హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్‌ఎల్ గెలిచింది, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఇక దేశ జట్టు సంగతంటారా, 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం తెచ్చింది. దానికి సారథి సయ్యద్ నయీముద్దీన్, ఆయనా హైదరాబాదీయే. ఆ తర్వాత ఆసియా క్రీడల పురుషుల ఫుట్‌బాల్‌లో మనకు మరో పతకం రాలేదు.