తాళం పడిన ఇల్లు ఎవరిది?

పర్చూరు వైపు పల్లెలో, సంతానంలేని పక్కింటి వితంతువు కన్నుమూసి ఇల్లు తాళం పడిందనుకోండి. ఆ ఇల్లెవరిది?

1984లో కరణీకాలు రద్దయ్యేదాకా ఇలాంటివి కరణంగారినే అడిగేవాళ్ళు. ఇప్పుడైతే పంచాయతీలో ఇంటిపన్ను ఎవరి పేరునుందో చూసి, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించాలి. పాత దస్తావేజులో గుంటూరు జిల్లా అని వుంటే కంగారుపడకండి. పర్చూరు 1970 దాకా గుంటూరు జిల్లాలోదే. తరవాత ప్రకాశంలో వుండి, 2022లో బాపట్లలో చేరింది.

అసలు మెలిక 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో వుంది. ఆవిడ విల్లు రాయకుండా పోతే, అమ్మానాన్నల వారసత్వంగా వచ్చిన ఇల్లు తండ్రి వారసులకు వెళుతుంది. మిరపకోతల కూలి కూడబెట్టి తానే కొన్నదైతే మాత్రం భర్త వారసులకు! ఎవ్వరూ లేకపోతే సర్కారుకు. కడదాకా గంజి పోసిన పొరుగావిడకు ఏమీ రాదు.

అందుకే, ఓపికుండగానే ఇద్దరు సాక్షులతో విల్లు రాసి పెట్టుకోండి.