బీబీనగర్ కేసులో ముద్దాయి

నేను భువనగిరి కోర్టులో వకీలును. జూనియర్లు వస్తే ముందు చదవమనేది 1953 నాటి ఒక సుప్రీంకోర్టు తీర్పు. అందులో పిటిషనర్ సయ్యద్ ఖాసిం రజ్వీ. రజాకార్ల నాయకుడిగా ఆయన పేరు మా వైపు వినని ఇల్లు లేదు. ఆయనకు ఏడేళ్ల కఠిన కారాగారం పడింది మాత్రం మన పక్కనున్న బీబీనగర్ దోపిడీ కేసులో అంటే చాలామంది నమ్మరు.

రజ్వీ కూడా వకీలే, లాతూరులో ప్రాక్టీసు. మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ నాయకుడు బహదూర్ యార్ జంగ్ 1944లో హఠాత్తుగా పోయారు. 1946లో ఆ పార్టీ రజ్వీ చేతికొచ్చింది. నిజాం రాజ్యంలో ముస్లింలే ఏలికలన్న వాదం అప్పటికే ఉంది. దానికి ఖాకీ తొడిగి, చేతికి తుపాకీ ఇచ్చి, రజాకార్ల దళంగా నడిపింది ఈయన. నిజాంకు భారత ప్రభుత్వంతో 1947 నవంబర్ 29న యథాతథ ఒప్పందం కుదిరింది. రెండు నెలలైనా తిరగకముందే, జనవరిలో, రజాకార్లు బీబీనగర్ మీద పడి దోచుకున్నారు. సికింద్రాబాద్ నుంచి రైల్లో వస్తుంటే భువనగిరికి ముందు తగిలే ఊరది. రజాకార్లను తప్పుపట్టిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ముస్లిమే. ఆగస్టులో ఆయన్నూ హైదరాబాద్ నడివీధిలో చంపేశారు.

సెప్టెంబర్‌లో హైదరాబాద్‌పై భారత సైన్యం పోలీసు చర్య, రజ్వీ అరెస్టు. విచారణ ప్రత్యేక ట్రిబ్యునల్లో. అది నడుస్తుండగానే రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. మామూలు ముద్దాయికి దొరికే పద్ధతులు తనకు దక్కలేదనీ, సమానత్వం చెప్పే 14వ అధికరణ ప్రకారం అది చెల్లదనీ రజ్వీ సుప్రీంకోర్టులో వాదించాడు. సాటివాళ్లకు సమానత్వం లేదన్న మనిషి దాన్నే అడిగినా, వినడం కోర్టు ధర్మం. విన్నది. మెజారిటీ తీర్పు ఆయనకు వ్యతిరేకంగా వచ్చింది. 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. పార్టీ అబ్దుల్ వాహెద్ ఒవైసీకి దక్కింది. రజ్వీ 1970లో కరాచీలో చనిపోయాడు.

ఆయన చేసినదానికి మూల్యం కట్టింది మాత్రం ఆయన ముఖమైనా చూడని ఊళ్ల ముస్లింలు. పోలీసు చర్య తర్వాతి హత్యలపై పండిట్ సుందర్‌లాల్ బృందం విచారించింది. సంస్థానమంతటా మృతులు 27,000 నుంచి 40,000 దాకా ఉంటారని లెక్కగట్టింది. నల్లగొండ, మెదక్, ఔరంగాబాద్, బీడ్ జిల్లాల్లో కలిపి కనీసం 5,000 మంది. రజ్వీకి ట్రిబ్యునల్, వకీలు, అప్పీలు ఉన్నాయి. వీళ్ల సంగతి రాసిన ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు బయటపెట్టలేదు.